25 డాలర్ల ఫారం, 80 లక్షల సంతకం: హైదరాబాద్ ఇళ్లకు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ ఎంతవరకు పనికొస్తుంది

ముందు తీర్పు చెప్పేస్తాం, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. అమెరికాలో పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో డిగ్రీకి ఆర్థిక సాయం అడిగేవాళ్లు నింపే సీఎస్‌ఎస్ ప్రొఫైల్ పెట్టిన డబ్బుకు తగ్గ సరుకే. నెల జీతం మీద నడిచే ఇంటికైతే ఐదుకు నాలుగు వేయొచ్చు. ఊళ్లో భూమి, పేటలో కొట్టు, రెండు చిట్టీలు, తాత పేరు మీద ఇల్లు ఉన్న కుటుంబానికి మాత్రం రెండున్నర దాటదు. ఆ ఫారాన్ని కట్టింది మన ఆస్తుల్ని చూసి కాదు మరి. ఇక ఎర్లీ డెసిషన్ (సీటిస్తే చేరతానని ముందే కట్టుబడే దరఖాస్తు) కోసం వాడేవాళ్లు దీన్ని అక్టోబరు మూడో వారానికల్లా ముగించుకోవాలి. గడువు పడే నవంబరు 1 రాత్రి మొదలుపెట్టేవాళ్లకు ఎన్ని మార్కులు వేసినా ఒకటే.

ఎంఎస్‌కు వెళ్లొచ్చినవాళ్లు గల్లీకి నలుగురున్న ఊరిది. కానీ వాళ్ల అనుభవం ఇక్కడ దాదాపు పనికిరాదు. ఎంఎస్‌లో పది చోట్ల అప్లై చేసి, వచ్చినవాటిలో చవకది చూసుకుని, బ్యాంకు లోనుతో బయల్దేరుతారు. డిగ్రీ స్థాయిలో ఎర్లీ డెసిషన్ అంటే ఒక్క కాలేజీకి, సీటిస్తే చేరతానని ముందే మాటివ్వడం. ఆ ఒప్పందం మీద పిల్లవాడు, తల్లిదండ్రుల్లో ఒకరు, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. గడువు ఎక్కువచోట్ల నవంబరు 1, కొన్నిచోట్ల 15. ఫలితం డిసెంబరు మధ్యలో. సీటొస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. రెండో విడత, అంటే ఎర్లీ డెసిషన్ 2, జనవరి మొదట్లో గడువు, ఫిబ్రవరిలో ఫలితం. ఎర్లీ యాక్షన్ వేరు, అందులో ఈ కట్టుబాటు ఉండదు.

దీన్నుంచి బయటపడే గౌరవమైన దారి ఒకటే: ఇచ్చిన ఆర్థిక సాయం మాకు సరిపోవడం లేదని చెప్పడం. చట్టం పెట్టి కోర్టుకు లాగరు గానీ, కారణం లేకుండా తప్పుకుంటే దెబ్బ స్కూలు మీద పడొచ్చు. ఒక విద్యార్థి మాట తప్పినందుకు టులేన్ యూనివర్సిటీ 2025లో కొలరాడోలోని ఒక స్కూలును ఏడాదిపాటు ఎర్లీ డెసిషన్ నుంచి పక్కన పెట్టింది. అందుకే ఇక్కడి ఇంటర్నేషనల్ స్కూళ్ల కౌన్సెలర్లు సంతకం పెట్టేముందు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి రెండుసార్లు అడుగుతున్నారు. వాళ్లు అడగడమే మంచిది.

సాయం సరిపోయిందా లేదా అన్నది మీ లెక్కకూ కాలేజీ లెక్కకూ మధ్య ఉన్న తేడా. కాలేజీ లెక్క పుట్టేది ఈ ఫారంలోంచే. ఏడాదికి ట్యూషన్, హాస్టల్, మెస్ కలిపి 90,000 డాలర్ల దాకా పోయే కాలేజీలివి. డాలరు 88 రూపాయలు అనుకున్నా 79 లక్షల 20 వేలు. నాలుగేళ్లకు, ఏటా పెరిగేది వదిలేసినా, మూడు కోట్ల పైమాట. 25 డాలర్ల ఫారం అని తేలిగ్గా తీసుకోకూడదన్నది అందుకే.

ఎవరి దగ్గర వాడితే లాభం

ఈ ఫారం అన్ని కాలేజీల్లోనూ ఒకేలా పనిచేయదు. విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది చూడకుండా సీటు నిర్ణయించి, తర్వాత లెక్క ప్రకారం అవసరమంతా తీర్చే కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వీటిని నీడ్-బ్లైండ్ అంటారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ ముందు నుంచీ ఉన్నాయి. డార్ట్‌మత్, బోడిన్ 2022లో చేరాయి. 2025లో చేరిన బ్యాచ్ నుంచి బ్రౌన్ కూడా. వీటిలో మొదటి నాలుగింట్లో ఎర్లీ డెసిషన్ లేనే లేదు, వాళ్లది ఎర్లీ యాక్షన్ పద్ధతి. అంటే సాయం అడిగే హైదరాబాద్ పిల్లకు ఎర్లీ డెసిషన్‌తో నీడ్-బ్లైండ్ కలిసొచ్చేది ముఖ్యంగా ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్, బ్రౌన్‌లలో.

కొలంబియా, కార్నెల్, పెన్సిల్వేనియా వంటివి సీటిస్తే అవసరం తీరుస్తాయి, కానీ విదేశీయుల విషయంలో సీటివ్వడానికి ముందే ఎంత అడుగుతున్నారో చూస్తాయి. ఇది నీడ్-అవేర్. ఇక్కడే ఊళ్లో తిరిగే ఒక సలహా కుటుంబాలను ముంచుతోంది: 'సాయం గడిలో వద్దు అని టిక్ పెట్టండి, సీటొచ్చాక అడుగుదాం.' చాలా కాలేజీల్లో చేరేటప్పుడు అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లూ అడిగే వీలుండదు. పైగా ఎర్లీ డెసిషన్‌లో సాయం వద్దని సీటు తెచ్చుకున్నాక, డబ్బు చాలడం లేదని తప్పుకునే దారి కూడా మూసుకుపోయినట్టే. ఆ సలహా ఇచ్చినవాళ్లకు ఫీజు అప్పటికే ముట్టి ఉంటుంది.

మెరిట్ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లు కూడా ఎర్లీ డెసిషన్‌కు దూరంగా ఉండటం మేలు. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది) యూనివర్సిటీలు మార్కులకు గానీ ఆటలకు గానీ స్కాలర్‌షిప్ ఇవ్వవు, అక్కడ సాయమంతా అవసరాన్ని బట్టే. మెరిట్ ఇచ్చే కాలేజీల్లో నాలుగు ఆఫర్లు పక్కపక్కన పెట్టి బేరం ఆడుకునే వీలుండాలి. ఒక్కదానికే కట్టుబడితే ఆ వీలు పోతుంది.

ఫారం లోపల

అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్‌ను నడిపే కాలేజ్ బోర్డే దీన్నీ నడుపుతుంది. ఏటా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కో కాలేజీకి 16. అమెరికా కుటుంబాలకు ఆదాయాన్ని బట్టి తనంతట తానే ఫీజు మాఫీ అవుతుంది, మనకు అవదు. కొన్ని కాలేజీలు, ఆర్థిక సాయం చూసే తమ ఎయిడ్ ఆఫీసుకు మెయిల్ రాస్తే విదేశీ విద్యార్థులకు మాఫీ కోడ్ పంపుతాయి. అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు, కాకపోతే గడువుకు మూడు వారాల ముందు అడగాలి. కట్టే కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి ఉండాలి. మన కార్డుల్లో అవి చాలావరకు ఆఫ్‌లో ఉంటాయి, చివరి రాత్రి పేమెంట్ తన్నేసే మొదటి కారణం అదే.

శాట్‌కు వాడిన ఖాతాతోనే లోపలికి వెళ్లాలి. కొత్త మెయిల్‌తో రెండో ఖాతా తెరిస్తే అక్కడ మొదలయ్యే చిక్కు డిసెంబరు దాకా వదలదు. ఇంటిపేరు సమస్య మనదే ప్రత్యేకం: టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో విడి గడిలో, కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే సైటు) ఒక్క అక్షరంగా. కాలేజీ కంప్యూటరు పేరు, పుట్టిన తేదీ చూసి ఫైళ్లను జత చేస్తుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే అన్నిచోట్లా రాయండి. తేదీలో నెల ముందు, రోజు తర్వాత. అమెరికావాళ్లకుండే సోషల్ సెక్యూరిటీ నంబరు మనకు లేదు, ఆ గడి ఖాళీగా వదలండి. ఆధార్ నంబరు అందులో కొట్టకూడదు.

కరెన్సీ దగ్గర జరిగే పొరపాటు అన్నిటికంటే ఖరీదైనది. ఫారం రూపాయల్లో నింపుకోనిస్తుంది, మార్చుకోవడం వాళ్ల పని. కరెన్సీ డాలర్లని ఉంచేసి జీతం 24,00,000 అని కొడితే కాలేజీ దృష్టిలో మీరు ఏటా 24 లక్షల డాలర్లు సంపాదించే షావుకారు. సాయం సున్నా అని వచ్చాకే కారణం తెలుస్తుంది. కామాలు మన పద్ధతిలో పెట్టకుండా ఒట్టి అంకెలు కొట్టి, సారాంశం పేజీని ఇంకొకరి చేత చదివించాలి. లక్షకు ఒక సున్నా తక్కువ, కోటికి ఒకటి ఎక్కువ కొట్టడం చదువుకున్నవాళ్ల ఇళ్లలోనూ జరిగేదే.

తర్వాత సంవత్సరం గొడవ. 2027 ఆగస్టులో చేరేవాళ్లకు ఫారం 2026 అక్టోబరులో తెరుచుకుని 2025 ఆదాయం అడుగుతుంది. వాళ్లది జనవరి నుంచి డిసెంబరు లెక్క, మనది ఏప్రిల్ నుంచి మార్చి. కాలేజీ వేరేగా చెప్పకపోతే, ఆ క్యాలెండరు ఏడాదిలో తొమ్మిది నెలలు పడే 2025-26 ఆర్థిక సంవత్సరం తీసుకోవడం సబబు. దాని రిటర్ను మీద అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అని ఉంటుంది. అది చూసి, ఇది వచ్చే ఏడాది కాగితం కదా అని ఫైలు తిప్పి పంపిన సందర్భాలుంటాయి. వివరణ గడిలో ఒక్క వాక్యం చాలు: భారత ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది, జత చేసిన రిటర్ను ఫలానా కాలానిది అని. జులైలో రిటర్ను వేయకుండా డిసెంబరు దాకా సాగదీసే అలవాటున్న నాన్నలు ఈ ఒక్క ఏడాదీ ఆ అలవాటు మానుకోవాలి.

హైటెక్ సిటీ జీతాల్లో ఇంకో మెలిక ఉంది. ఆ ఏడాది కంపెనీ షేర్లు చేతికొచ్చి ఆదాయం రెట్టింపుగా కనిపించొచ్చు. లేదా అప్పుడు ఉద్యోగం ఉండి ఇప్పుడు లేకపోవచ్చు. ఫారం పాత ఏడాదినే నమ్ముతుంది. ప్రత్యేక పరిస్థితుల గడిలో అంకెలతో రాసి, రిలీవింగ్ లెటర్ గానీ తాజా పే స్లిప్పులు గానీ కాలేజీకి విడిగా పంపకపోతే ఎవరూ పట్టించుకోరు. సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) అంకె ఎక్కడా వేయకండి, ఆఫీసు ఇచ్చే ఫారం 16లో ఉన్న మొత్తం జీతం వేయండి. పీఎఫ్‌కు మీరు కట్టేది, ఇప్పటిదాకా పోగైంది విడి గడుల్లో అడుగుతారు. రిటైర్మెంట్ డబ్బును చాలా కాలేజీలు చదువుకు లెక్కలోకి తీసుకోవు, కాబట్టి దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ల గడిలో కలిపేయడం మీ చేతులారా చేసుకునే నష్టం.

ఆస్తి లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ. తల్లిదండ్రుల ఆస్తిలో ఏటా మూడు నుంచి ఐదు శాతం, పిల్లల పేరు మీదున్న ఆస్తిలో 25 శాతం చదువుకు పెట్టగలరని ఈ పద్ధతి అనుకుంటుంది. కూకట్‌పల్లిలో ఫ్లాటు ఇప్పటి ధర 90 లక్షలు, హోమ్ లోన్ బాకీ 30 లక్షలు అనుకోండి. మిగిలిన 60 లక్షల మీద ఐదు శాతమంటే ఏటా మూడు లక్షలు. నాన్న పేరు మీద 10 లక్షల డిపాజిట్ అయితే ఏటా 50 వేలు. అదే 10 లక్షలు అమ్మాయి పేరు మీద ఉంటే రెండున్నర లక్షలు. ప్రేమతో పిల్లల పేరున వేసిన డబ్బు ఇలా ఎదురు తిరుగుతుంది. సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే దాచకూడదు, కానీ చదువు కోసం సగం వరకే తీయగలమని, మిగతాది ఖాతా తెరిచిన 21 ఏళ్లకు గానీ రాదని వివరణలో రాయాలి. ఉంటున్న ఇంటి విలువను హార్వర్డ్, ప్రిన్స్‌టన్ చూడవు. కొన్ని కాలేజీలు ఆదాయానికి ఇన్ని రెట్లు అని పరిమితి పెట్టుకుంటాయి, మిగతావి మొత్తం చూస్తాయి. సంతకానికి ముందు ఎయిడ్ ఆఫీసును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఇంటికి రిజిస్ట్రేషన్ విలువ వేయొద్దు, పక్క ఫ్లాటు ఇటీవల ఎంతకు అమ్ముడైందో అది వేయండి.

భూమి దగ్గర ఫారం పూర్తిగా చేతులెత్తేస్తుంది. షాద్‌నగర్ వైపో చౌటుప్పల్ వైపో నాలుగెకరాలు ఉన్నాయనుకుందాం. ఎకరం 60 లక్షలు పలుకుతోందంటే కాగితం మీద 2 కోట్ల 40 లక్షలు. ఐదు శాతం అంటే ఏటా 12 లక్షలు మీరు పెట్టగలరని తేలుతుంది. వాస్తవంలో ఆ పొలం కౌలుకిస్తే ఎకరానికి వేలల్లో వస్తుంది. రైతు భరోసా ఎకరానికి సీజనుకు 6,000 చొప్పున రెండు సీజన్లకు నాలుగెకరాల మీద 48,000. అమెరికా ఫారానికి పొలం అంటే ట్రాక్టర్లు, గోదాములు ఉన్న వ్యాపారం. రియల్ ఎస్టేట్ ధర పలుకుతూ జొన్న పండే నేల దాని ఊహకు అందదు.

ఇక్కడ విలువ తగ్గించి రాయడం జవాబు కాదు. మార్కెట్ ధర ఉన్నదున్నట్టు వేసి, పక్కన ఉత్తరం పెట్టాలి. అందులో ఉండాల్సినవి: పట్టాదారు పాసుపుస్తకం నకలు, విస్తీర్ణం ఎకరాలు గుంటల్లో, కౌలు ఎంత వస్తుంది, అన్నదమ్ముల మధ్య పంపకం జరిగిందా, ఒక్కరే అమ్మగలరా. ఎకరమంటే వాళ్లకూ తెలుసు, గుంట తెలియదు, 40 గుంటలు ఒక ఎకరమని రాయండి. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేకపోయినా రిటర్నులో మినహాయింపు ఆదాయాల పట్టికలో చూపించి ఉండాలి. అక్కడ సున్నా, ఉత్తరంలో కౌలు 80 వేలు అని ఉంటే రెండూ నమ్మరు. తాత బతికుండి భూమి ఆయన పేరునే ఉంటే అది మీ ఆస్తి కాదు, ఫారంలో వేయనక్కర్లేదు. ఆయన పోయి విరాసత్ (వారసుల పేరుకు మార్పు) ఇంకా కాకపోతే మాత్రం మీ నాన్న వాటా ఉన్నట్టే, ఎంత వాటా, ఎందుకు ఆగిందో రాయాలి.

చిట్టీకి గడి లేదు. ఇంకా పాడుకోని చిట్టీలో ఇప్పటిదాకా కట్టింది పెట్టుబడుల్లో వేసి, వివరణలో 'నెలనెలా కట్టే పొదుపు పథకం, ఫలానా నెలలో ముగుస్తుంది' అని రాస్తే సరిపోతుంది. పాడుకున్న చిట్టీ అప్పుతో సమానం, ఇంకా కట్టాల్సిన కిస్తీలు చూపించండి. చేబదుళ్లు కాగితం లేకపోతే లెక్కకు రావు. ఇంట్లో పెట్టుకునే బంగారం అడగరు, గోల్డ్ బాండ్లు మాత్రం పెట్టుబడే.

కొట్టు, కాంట్రాక్టు పని, అద్దె ఇళ్లు ఉన్నవాళ్లు తరుగుదల (ఆస్తి పాతబడి ఏటా తగ్గే విలువ) గురించి తెలుసుకోవాలి. రిటర్నులో ఖర్చుగా చూపిన తరుగుదలను కాలేజీ తిరిగి ఆదాయానికి కలుపుతుంది, ఎందుకంటే అది జేబులోంచి పోయిన డబ్బు కాదు. ఆడిటర్ ఎంత నేర్పుగా లాభం తగ్గించాడో ఇక్కడ అంత ప్రశ్నలు వస్తాయి. తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్లలో చాలా కాలేజీలు రెండోవారి ఫారం కూడా విడిగా అడుగుతాయి. వారితో మాటల్లేకపోతే మినహాయింపు కోసం వేరే దరఖాస్తు ఉంది, సెప్టెంబరులోనే మొదలుపెట్టాలి.

కుటుంబ సభ్యుల పట్టికలో మన ఇళ్లకు కొంత న్యాయం జరుగుతుంది. కలిసి ఉంటూ మీ మీదే ఆధారపడిన నానమ్మ, తాతలను చేర్చవచ్చు, మందుల ఖర్చు రాయవచ్చు. అన్న ఇక్కడ బీటెక్ చదువుతుంటే అదీ లెక్కకొస్తుంది, ఫీజు రసీదు, బోనఫైడ్ తీసి ఉంచండి.

కాగితాలు

ఫారం పంపాక ఐడాక్ అనే చోట పత్రాలు ఎక్కించమని మెయిల్ వస్తుంది. కొన్ని కాలేజీలు ఐడాక్ వాడవు, తమ పోర్టల్లోనే అడుగుతాయి. ఆ మెయిల్ ఎవరికి వెళ్తుందన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ ఖాతాను కన్సల్టెన్సీవాళ్లు తమ మెయిల్‌తో తెరిచి ఉంటే అది వాళ్ల దగ్గర మూడొందల మెయిళ్ల కింద పడి ఉంటుంది. డిసెంబరులో సీటొస్తుంది, సాయం కాగితం రాదు. 'మీ ఫైలు అసంపూర్తిగా ఉంది' అన్న ఒక్క లైను పోర్టల్లో నెల నుంచి ఉంటుంది.

మన వైపు నుంచి తిరస్కారాలకు పదేపదే కనిపించే కారణాలు రెండు. ఒకటి, రిటర్ను బదులు అక్‌నాలెడ్జ్‌మెంట్ ఒక్క పేజీ ఎక్కించడం. వాళ్లకు కావాల్సింది ఆదాయపు పన్ను పోర్టల్ నుంచి దించే పూర్తి ఐటీఆర్ ఫారం, అన్ని షెడ్యూళ్లతో. రెండు, పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్. పన్ను శాఖ ఇచ్చే ఆదాయ వివరాల పత్రం ఏఐఎస్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎక్కువగా పాస్‌వర్డ్‌తో వస్తాయి. మీ ఫోన్లో తెరుచుకుంటుంది, అక్కడ తెరుచుకోదు. ఒకసారి తెరిచి, ప్రింట్ నొక్కి, పీడీఎఫ్‌గా దాచుకుంటే తాళం పోయిన నకలు వస్తుంది. పేజీలన్నీ ఒకే ఫైలుగా, నిలువుగా, చదవగలిగేలా ఉండాలి. రిటర్ను వేయని అమ్మ ఉంటే ఆదాయం లేదన్న సంతకం చేసిన పత్రం పెట్టాలి. యజమాని ఇచ్చే జీతం లెటర్ ఏడాది మొత్తానికి ఉండాలి, ఒక నెల పే స్లిప్ సరిపోదు.

మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం ఇక్కడ ఎక్కించకండి, ఎవరూ అడగలేదు కూడా. ఫీజు రీయింబర్స్‌మెంట్ పరిమితికి లోబడేలా రాయించుకున్న కాగితం, తొమ్మిది లక్షల ఐటీఆర్ పక్కన పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తప్పుడు వివరాలని తేలితే ఇచ్చిన సీటును చేరాక కూడా రద్దు చేయగలరు.

ఇంటర్మీడియట్ పిల్లలకు ఇంకో పక్క నుంచి తలనొప్పి. కార్పొరేట్ జూనియర్ కాలేజీలో కౌన్సెలర్ ఉండరు, ప్రిన్సిపాల్ గానీ వైస్ ప్రిన్సిపాల్ గానీ కామన్ యాప్‌లో ఆ పాత్ర తీసుకుని ఎర్లీ డెసిషన్ ఒప్పందం మీద సంతకం పెట్టాలి. వాళ్లకు అధికారిక మెయిల్ ఉండాలి. తొమ్మిదో తరగతి మార్కులు పాత స్కూల్లో, టెన్త్ మెమో ఇంట్లో, ఇంటర్ మొదటి ఏడాది మెమో బోర్డు నుంచి తెచ్చుకోవాలి. ఎంపీసీలో మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530, మొత్తం 1000 అన్న లెక్క స్కూల్ రిపోర్టులో రాయించకపోతే 462 మార్కులు చూసి వెయ్యికి అనుకునే ప్రమాదముంది. ఇదంతా దసరా సెలవులు పడే రోజుల్లోనే జరగాలి, కాబట్టి బతుకమ్మకు ముందే సంతకాల పని ముగించండి.

పోటీ సరుకులు

సాయం పోను మీకు పడే ఖర్చును అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ప్రతి కాలేజీ సైటులోనూ ఉంటుంది. అమెరికా చట్టం ప్రకారం పెట్టినవి, అమెరికా పన్ను పద్ధతి కోసం కట్టినవి. చాలావాటి మీద విదేశీ విద్యార్థులకు వర్తించదని రాసి ఉంటుంది. వెల్స్‌లీ కాలేజీలో పుట్టిన మైఇన్‌ట్యూషన్ అనే అలాంటి క్యాలిక్యులేటర్ వాడటానికి మూడు నిమిషాలే, కానీ దాన్నీ దిశ చూపే బోర్డులాగే చూడాలి. వీటికంటే ఎయిడ్ ఆఫీసుకు ఒక పేజీ మెయిల్ మేలు: ఆదాయం, ఇల్లు, భూమి, అప్పులు, ఇంట్లో ఎంతమంది, మేం ఏటా ఇంత పెట్టగలం, సంతకానికి ముందు అంచనా ఇవ్వగలరా అని. కొన్ని ఇస్తాయి, కొన్ని కుదరదంటాయి. కుదరదన్న కాలేజీకి, అదీ నీడ్-అవేర్ అయితే, సాయం మీదే ఆధారపడ్డ కుటుంబం ఎర్లీ డెసిషన్ పెట్టకపోవడమే మా సలహా. కట్టుబాటు లేని రెగ్యులర్ విడతలో వేసి ఆఫర్లు పోల్చుకోవచ్చు.

సీఎస్‌ఎస్ బదులు ఐఎస్‌ఎఫ్‌ఏఏ అనే ఉచిత ఫారం కొన్ని కాలేజీలు తీసుకుంటాయి. కొన్ని పేజీల కాగితం, సూటి ప్రశ్నలు, అంకెలు ఎక్కువచోట్ల డాలర్లలో. భూమి, చిట్టీల ఇళ్లకు ఇదే హాయి. సైటులో రాసి లేకపోయినా అడిగి చూడండి.

ఊళ్లో డిగ్రీ అడ్మిషన్ల కన్సల్టెంట్లు లక్షల్లో తీసుకుంటారు. వ్యాసాలు దిద్దడంలో కొందరు నిజంగా ఘనులు. ఆర్థిక సాయం ఫారం మాత్రం వాళ్లకు ఇవ్వకండి. మీ ఐటీఆర్ అర్థమయ్యే ఆడిటర్‌ను గంట కూర్చోబెట్టుకుంటే ఇంకా బాగా తేలుతుంది. అమెరికా ప్రభుత్వం వెనకున్న ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా హైదరాబాద్‌లోనూ దొరుకుతుంది, మొదట అక్కడికి వెళ్లడం నయం.

డిసెంబరు మధ్యలో ఆఫర్ వచ్చాక

ఆఫర్ లెటర్ కింద రాసిన పెద్ద అంకె చూసి పొంగిపోవద్దు. గ్రాంటు ఎంత, క్యాంపస్ ఉద్యోగం ఎంత, అప్పు ఎంత, వేసవిలో పిల్లవాడు సంపాదించి తేవాల్సింది ఎంత, విడదీసి రాయండి. క్యాంపస్ ఉద్యోగం అంకె చేతికి ముందే రాదు, పనిచేశాక విడతలుగా వస్తుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద తరగతులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. ఆరోగ్య బీమా, శంషాబాద్ నుంచి రానుపోను టికెట్లు లెక్కలో ఉన్నాయో లేదో చూడండి, రెండూ కలిపి లక్షలు. వీసాకు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కోసం మీ వాటా డబ్బుకు బ్యాంకు లెటర్ అడుగుతారు, అది మొదటి ఏడాది వాటాకు సరిపోవాలి.

వాటా ఎక్కువ పడిందనుకుంటే సీటు డిపాజిట్ కట్టకుండా, ఒప్పందం రద్దు అనే మాట ఎత్తకుండా, ముందు పునఃపరిశీలన అడగండి. అడిగే మెయిల్లో కొత్త కాగితం ఉండాలి: రాయడం మరిచిన వైద్య ఖర్చు, పోయిన ఉద్యోగం, అమ్మలేని భూమికి రుజువు. 'మాకు కష్టం' అన్న వాక్యంతో ఎవరి లెక్కా మారదు. కాలేజీలు క్రిస్మస్‌కు మూతపడతాయి, కాబట్టి ఫలితం వచ్చిన మూడు నాలుగు రోజుల్లో మెయిల్ వెళ్లాలి. అప్పటికీ కుదరకపోతే ఒప్పందం నుంచి విడుదల లిఖితపూర్వకంగా అడిగి తీసుకుని, ఆ కాపీని కౌన్సెలర్‌కు పంపాలి. రెగ్యులర్ గడువులు చాలాచోట్ల జనవరి 1 నుంచి 5 మధ్యే ఉంటాయి. ఆ దరఖాస్తులు నవంబరులోనే రాసి పెట్టుకున్నవాళ్లు సబ్మిట్ నొక్కి, సీఎస్‌ఎస్‌లో కొత్త కాలేజీకి ఒక్కోటి 16 డాలర్ల చొప్పున చేర్చుకుంటే చాలు.